బడిలో పెట్టిన పేరు: వినూ మన్కడ్, మన కార్పొరేషన్ స్టేడియం

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికలో ఒక క్రికెటర్ జీవిత కథ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మద్రాసులో చదువుకున్న మనకు ఆ కారణం చెప్పడం కష్టమేమీ కాదు. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చే రైళ్లు ఆగే సెంట్రల్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, మూర్ మార్కెట్, రిప్పన్ బిల్డింగుల వెనక, ఒకప్పుడు కార్పొరేషన్ స్టేడియం ఉండేది. 1956 జనవరి నుంచి 1965 మార్చి వరకు మద్రాసులో జరిగిన టెస్టు మ్యాచ్‌లన్నీ అక్కడే జరిగాయి. మొత్తం తొమ్మిది. ఆ మైదానం ఇప్పుడు లేదు. ఆ పాత కట్టడాన్ని కూలగొట్టి, 1993లో అదే చోట కొత్త జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం కట్టారు. అందులో ఫుట్‌బాల్, పరుగు పందేలే తప్ప క్రికెట్ లేదు.

ఆ మైదానంలో జరిగిన మొదటి టెస్టులోనే ఒక ప్రపంచ రికార్డు పుట్టింది. దాన్ని నెలకొల్పిన ఇద్దరిలో ఒకరు వినూ మన్కడ్. నేటి పిల్లలకు ఆయన పేరు తెలుసు. కాని ఆ రికార్డు వల్ల కాదు. బంతి వేయకముందే క్రీజు వదిలి ముందుకు పోయిన అవతలి బ్యాటర్‌ను బౌలర్ రనౌట్ చేస్తే, ఆ పనికి ఆయన ఇంటిపేరు తగిలించి పిలిచే అలవాటు వల్ల. అదేదో దొంగపని అన్నట్టు ఆ మాట వాడుతుంటారు. ఇంత పెద్ద ఆటగాడి పేరు అలా మిగిలిపోవడం న్యాయం కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

జామ్‌నగర్ బాల్యం

ఆయన అసలు పేరు మూల్వంత్‌రాయ్ హిమ్మత్‌లాల్ మన్కడ్. 1917 ఏప్రిల్ 12న సౌరాష్ట్ర ప్రాంతంలోని జామ్‌నగర్‌లో పుట్టారు. వినూ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, బడిలో చదువుకునే రోజుల్లో వచ్చిన ముద్దుపేరు. ఆ పేరే ఆయన్ను జీవితమంతా అంటిపెట్టుకుంది. లార్డ్స్ స్కోరుబోర్డు దగ్గర్నుంచి మన ఊరి వీధుల దాకా అందరూ ఆయన్ను ఆ పేరుతోనే పిలిచారు. బడిపేర్ల విలువ తెలిసిన మన సంఘం సభ్యులకు ఈ సంగతి ప్రత్యేకంగా నచ్చుతుందనుకుంటాను.

జామ్‌నగర్ అప్పట్లో నవానగర్ సంస్థానానికి రాజధాని. ఏ మహారాజు పేరు మీద మన రంజీ ట్రోఫీ నడుస్తున్నదో ఆ రంజిత్‌సింహ్‌జీ పాలించిన సంస్థానం అది. అక్కడ క్రికెట్‌కు రాజాదరణ ఉండేది. ఇంగ్లండులో ససెక్స్ జట్టుకు ఆడిన బెర్ట్ వెన్స్లీ అక్కడ శిక్షకుడిగా ఉన్నారు. అప్పటిదాకా మీడియం పేస్ బంతులు వేస్తున్న కుర్రవాడి చేత ఎడమచేతి స్పిన్ వేయించినది ఆయనే. బ్యాటింగు కుడిచేత్తో, బౌలింగు ఎడమచేత్తో. ఈ రెంటిలో ఏది ఆయన అసలు విద్య అన్నది చివరిదాకా ఎవరూ తేల్చలేకపోయారు.

1936-37లో నవానగర్ రంజీ ట్రోఫీ గెలిచింది. బెంగాల్‌తో జరిగిన ఫైనల్లో ఇరవై ఏళ్లయినా నిండని మన్కడ్ 185 పరుగులు చేశారు. మరుసటి సీజనులో లార్డ్ టెనిసన్ నాయకత్వాన ఒక ఇంగ్లండు జట్టు వచ్చి అయిదు అనధికార టెస్టులు ఆడింది. ఆ సిరీస్‌లో భారత జట్టు తరఫున బ్యాటింగు సగటులోను, బౌలింగు సగటులోను మన్కడే మొదటి స్థానంలో నిలిచారు. ఇక టెస్టు క్రికెట్లోకి అడుగు పెట్టడమే తరువాయి అనుకుంటుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆటగాడికి ఒంట్లో మంచి సత్తువ ఉండే ఏళ్లు యుద్ధంలో కరిగిపోయాయి. 1946 జూన్‌లో లార్డ్స్‌లో మొదటి టెస్టు ఆడేనాటికి ఆయనకు 29 ఏళ్లు నిండాయి.

ఆ ఇంగ్లండు పర్యటనలో ఆయన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1,120 పరుగులు చేసి 129 వికెట్లు తీశారు. ఒకే పర్యటనలో వెయ్యి పరుగులు, వంద వికెట్లు అందుకున్న మరో భారతీయుడు లేడు. విజ్డెన్ వార్షిక గ్రంథం ఆ ఏటి అయిదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఆయన్ను ఎంపిక చేసింది.

సిడ్నీలో ఏం జరిగింది

స్వతంత్ర భారతదేశం పంపిన మొదటి క్రికెట్ జట్టు 1947 చివర్లో లాలా అమర్‌నాథ్ నాయకత్వాన ఆస్ట్రేలియా వెళ్లింది. బ్రాడ్‌మన్ జట్టు ముందు మనవాళ్లు నిలవలేకపోయారు. నాలుగు టెస్టులు ఓడిపోయారు, ఒకటి డ్రా అయింది. అయినా మన్కడ్ మెల్బోర్న్‌లో జరిగిన రెండు టెస్టుల్లో రెండు సెంచరీలు చేశారు.

నవంబరులో సిడ్నీలో ఆస్ట్రేలియన్ ఎలెవన్‌తో ఆట. బిల్ బ్రౌన్ అవతలి వైపు నిలబడి, బంతి చేయి దాటకముందే క్రీజు వదిలి ముందుకు పోతున్నారు. మన్కడ్ ఆయన్ను హెచ్చరించారు. బ్రౌన్ మళ్లీ అదే పని చేస్తే రనౌట్ చేశారు. తరువాత డిసెంబరు 13న అదే సిడ్నీలో రెండో టెస్టు. బ్రౌన్ మళ్లీ ముందుకు కదిలారు. ఈసారి హెచ్చరిక లేకుండానే మన్కడ్ వికెట్లు పడగొట్టారు. ఆస్ట్రేలియా పత్రికల్లో పెద్ద దుమారం రేగింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మన్కడ్ చేసినది నిబంధనల ప్రకారం ఆనాడూ రనౌటే. అంతకన్నా పెద్ద విషయం, ఎదుటి జట్టు కెప్టెన్ బ్రాడ్‌మన్ తరువాత రాసిన ఆత్మకథలో మన్కడ్‌ను సమర్థించారు. అవతలి బ్యాటర్‌ను బంతి వెళ్లేదాకా క్రీజులోనే ఉండమని నిబంధన చెబుతున్నప్పుడు, దాన్ని అమలు చేసిన బౌలర్‌ను తప్పు పట్టడం ఏమిటని ఆయన వాదన. ఆ గొడవ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. కాని ఆ రనౌట్‌కు ఆయన ఇంటిపేరు అంటుకుపోయింది. క్రీజు వదిలిన బ్రౌన్ పేరు ఎవరికీ గుర్తు లేదు.

చెపాక్ విజయం

1952 ఫిబ్రవరి. చెపాక్‌లో ఇంగ్లండుతో అయిదో టెస్టు. 1932లో మొదటి టెస్టు ఆడిన మన జట్టుకు అది 25వ టెస్టు. అప్పటికి ఒక్క టెస్టు కూడా గెలవలేదు. మొదటి రోజు ఆట సాగుతుండగానే ఇంగ్లండు రాజు ఆరవ జార్జి మరణవార్త వచ్చింది. మరునాటిని విశ్రాంతి దినంగా మార్చారు.

తొలి ఇన్నింగ్స్‌లో మన్కడ్ 55 పరుగులిచ్చి 8 వికెట్లు తీశారు. ఆయన ఊరించే బంతులకు ముందుకు వచ్చి, వికెట్‌కీపర్ ఖోకన్ సేన్ చేతిలో స్టంపౌట్ అయినవాళ్లే నలుగురు. తరువాత పంకజ్ రాయ్ 111, పాలీ ఉమ్రిగర్ 130 నాటౌట్. మన జట్టు 9 వికెట్లకు 457 దగ్గర డిక్లేర్ చేసింది. రెండో ఇన్నింగ్స్‌లో మన్కడ్ నాలుగు, మన హైదరాబాదు ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ నాలుగు వికెట్లు పంచుకున్నారు. ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో భారతదేశం తన మొదటి టెస్టు గెలిచింది. ఇరవై ఏళ్ల నిరీక్షణ మద్రాసులో ఫలించింది. ఆ గెలుపులో 12 వికెట్లు మన్కడ్‌వే.

ఇంత చేసినా, కొద్ది నెలల తరువాత ఇంగ్లండు వెళ్లిన జట్టులో ఆయన లేరు. అప్పట్లో క్రికెటర్లకు జీతాలు లేవు. మన్కడ్ ఆటనే బతుకుతెరువుగా పెట్టుకున్న మనిషి. అందుకే లాంకషైర్ లీగులో హాస్లింగ్డన్ క్లబ్బు పిలిచినప్పుడు, జట్టులో చోటు ఖాయమని ముందే చెబితే ఆ ఒప్పందం వదులుకుంటానన్నారు. ఆ హామీ దొరకలేదు. ఆయన క్లబ్బుకు వెళ్లిపోయారు. లీడ్స్‌లో మొదటి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో మన స్కోరు సున్నా పరుగులకు నాలుగు వికెట్లు. అప్పుడు బోర్డు క్లబ్బును బతిమాలుకుని ఆయన్ను లార్డ్స్‌కు రప్పించింది.

లీగు మ్యాచ్‌ల నుంచి నేరుగా టెస్టులోకి వచ్చిన మన్కడ్ ఓపెనర్‌గా దిగి 72 పరుగులు చేశారు. తరువాత ఒకే ఇన్నింగ్స్‌లో 73 ఓవర్లు వేసి అయిదు వికెట్లు తీశారు. వెంటనే మళ్లీ బ్యాటు పట్టుకుని 184 పరుగులు చేశారు. ఇంగ్లండు రెండో ఇన్నింగ్స్‌లో మరో 24 ఓవర్లు వేశారు. మ్యాచ్ ఓడిపోయాం. కాని ఓడిన జట్టులోని ఆటగాడి పేరుతో ఒక టెస్టును నేటికీ చెప్పుకుంటున్నారంటే అది ఈ మ్యాచే. అలా ఆయన ఇంటిపేరుకు అతికిన మంచి మాట కూడా ఒకటుంది. దాన్ని మరిచిపోయి మరొకదాన్ని పట్టుకున్నాం.

అదే ఏడాది ఢిల్లీలో పాకిస్తాన్‌తో ఆ రెండు దేశాల మధ్య జరిగిన మొట్టమొదటి టెస్టులో 13 వికెట్లు తీశారు. ఆ సిరీస్‌లోనే 23 టెస్టుల్లో వెయ్యి పరుగులు, వంద వికెట్లు పూర్తి చేశారు. అంతకన్నా తక్కువ టెస్టుల్లో ఆ పని చేయడానికి 1979లో ఇయాన్ బోథమ్ రావలసి వచ్చింది.

కార్పొరేషన్ స్టేడియంలో 413

1955 నవంబరులో న్యూజిలాండు జట్టు మన దేశం వచ్చింది. మొదటి టెస్టు హైదరాబాదు ఫతే మైదానంలో. ఆ ఊళ్లో అదే తొలి టెస్టు. గులాం అహ్మద్ కెప్టెన్. ఆ మ్యాచ్‌లో ఉమ్రిగర్ చేసిన 223 పరుగులు టెస్టుల్లో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ. కొద్ది రోజులకే బొంబాయి టెస్టులో మన్కడ్ సరిగ్గా అన్నే పరుగులు చేసి ఆ రికార్డును సమం చేశారు. మిగిలిన లెక్క మద్రాసులో తేలింది.

1956 జనవరి 6న కార్పొరేషన్ స్టేడియంలో అయిదో టెస్టు మొదలైంది. మన్కడ్, పంకజ్ రాయ్ ఓపెనర్లుగా దిగారు. సాయంత్రం ఆట ముగిసేసరికి స్కోరు వికెట్ పడకుండా 234. రోజంతా ఆ ఇద్దరే. మరునాడు కూడా ఆ జోడీ కొనసాగింది. మొదటి వికెట్‌కు హటన్, వాష్‌బ్రూక్ జొహానెస్‌బర్గ్‌లో నెలకొల్పిన 359 పరుగుల ప్రపంచ రికార్డు దాటిపోయింది. చివరికి 413 దగ్గర రాయ్ 173 పరుగులు చేసి ఔటయ్యారు. మన్కడ్ 231 దాకా వెళ్లారు. 3 వికెట్లకు 537 దగ్గర ఉమ్రిగర్ డిక్లేర్ చేశారు. సుభాష్ గుప్తే తొమ్మిది వికెట్లు, మన్కడ్ రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు వికెట్లు తీశారు. ఇన్నింగ్స్ 109 పరుగుల తేడాతో మనం గెలిచాం.

న్యూజిలాండు అప్పటికి ఒక్క టెస్టు కూడా గెలవని జట్టు, బౌలింగులో పదును లేదు అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. నిజమే. కాని అలాంటి బౌలర్లు తగిలిన ఓపెనర్లు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. 413 దాటడానికి 52 ఏళ్లు పట్టింది. పైగా మన్కడ్‌కు అప్పటికి 38 ఏళ్లు. బ్యాటింగు అయ్యాక బంతి కూడా ఆయనే వేయాలి.

ఆ తరువాత ఆ మైదానం చాలా చూసింది. 1962 జనవరిలో ఇంగ్లండును ఓడించి మనవాళ్లు ఆ దేశం మీద మొదటిసారి సిరీస్ గెలిచింది అక్కడే. ఆ టెస్టులో పది వికెట్లు తీసిన సలీం దురానీ రాజస్థాన్ జట్టులో మన్కడ్‌తో కలిసి ఆడినవాడు, ఆయనలాగే ఎడమచేతి స్పిన్నర్. 1964 జనవరిలో బాపూ నద్‌కర్ణి వరసగా 21 మెయిడిన్ ఓవర్లు వేసిందీ అక్కడే. 32 ఓవర్లు వేసి ఆయన ఇచ్చినవి అయిదే పరుగులు. అదే మ్యాచ్‌లో బుధి కుందరన్ 192 పరుగులు చేశారు.

మన్కడ్‌కు మాత్రం ఆ మైదానం చేదును కూడా చూపించింది. 1958-59లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు మన జట్టుకు ఒకే సిరీస్‌లో నలుగురు కెప్టెన్లు మారారు. మద్రాసు టెస్టు ముందురోజు, జట్టు ఎంపిక మీద వచ్చిన తగాదాతో ఉమ్రిగర్ కెప్టెన్సీ వదిలేశారు. 41 ఏళ్ల మన్కడ్‌ను ముందుకు తోశారు. మూడేళ్ల కిందట 413 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పిన గడ్డ మీద ఆయన నాయకత్వంలో మనం 295 పరుగుల తేడాతో ఓడిపోయాం. తరువాతి ఢిల్లీ టెస్టుకు హేము అధికారిని కెప్టెన్ చేశారు. మన్కడ్ అందులో మామూలు ఆటగాడిగా ఆడారు. అదే ఆయన చివరి టెస్టు.

మిగిలిన లెక్క

44 టెస్టుల్లో 2,109 పరుగులు, అయిదు సెంచరీలు, 162 వికెట్లు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో 11,591 పరుగులు, 782 వికెట్లు. నవానగర్, గుజరాత్, బెంగాల్, బొంబాయి, రాజస్థాన్ మొదలైన జట్లకు ఆడారు. టెస్టుల్లో ఓపెనర్ నుంచి పదకొండో స్థానం వరకు అన్ని స్థానాల్లోనూ బ్యాటింగు చేసిన అతి కొద్దిమందిలో ఆయన ఒకరు. జట్టుకు ఎక్కడ అవసరమైతే అక్కడికి వెళ్లారని దాని అర్థం. పెద్దకొడుకు అశోక్ కూడా భారతదేశానికి 22 టెస్టులు ఆడారు. 1973లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1978 ఆగస్టు 21న, 61 ఏళ్ల వయసులో, బొంబాయిలో కన్నుమూశారు.

231 పరుగులే టెస్టుల్లో భారతీయుడి అత్యధిక స్కోరుగా దాదాపు 28 ఏళ్లు నిలిచాయి. 1983 డిసెంబరులో దాన్ని దాటింది సునీల్ గావస్కర్, 236 నాటౌట్‌తో. అది కూడా మద్రాసులోనే, చెపాక్‌లో. అప్పటికే టెస్టులు చెపాక్‌కు తిరిగివెళ్లి చాలా కాలమైంది. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయింది. ఆ జాగాలో ఇప్పుడు సబర్బన్ రైళ్ల స్టేషన్ ఉంది. తరువాత కార్పొరేషన్ స్టేడియం వంతు వచ్చింది. పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని 260 రోజుల్లో కట్టారు. 1995లో దక్షిణాసియా క్రీడలు ఆ కొత్త స్టేడియంలోనే జరిగాయి. ఊరికి పెద్ద క్రీడాంగణం కావలసి వచ్చింది, కట్టుకున్నారు. దానికి ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. కాని మన్కడ్, రాయ్ రోజంతా నిలబడ్డ ఆ పిచ్ దాంతోపాటే పోయింది.

వాళ్ల రికార్డు మాత్రం మైదానం పోయాక కూడా 15 ఏళ్లు బతికింది. 2008లో చిట్టగాంగ్‌లో దక్షిణాఫ్రికా ఆటగాళ్లు గ్రేమ్ స్మిత్, నీల్ మెకెంజీ 415 పరుగులు చేసి దాన్ని దాటారు. తేడా రెండు పరుగులు. అది చూడటానికి మన్కడూ లేరు, రాయ్ కూడా లేరు.

ఇటీవలి సంవత్సరాల్లో ఆయన పేరుకు కొంత న్యాయం జరిగింది. ఆయన పేరు అలా వాడటం తగదని గావస్కర్ పదేపదే చెబుతూ వచ్చారు. 2021లో అంతర్జాతీయ క్రికెట్ మండలి ఆయన్ను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. క్రికెట్ నిబంధనలు రాసే మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు, ఆ రకం రనౌట్‌ను అనుచిత క్రీడ అన్న నిబంధన కింద నుంచి తీసి, మామూలు రనౌట్ నిబంధన కిందికి మార్చింది. 2022 అక్టోబరు 1 నుంచి అది అమల్లో ఉంది. సిడ్నీలో ఆయన చేసిన పనికి 75 ఏళ్ల తరువాత పుస్తకంలో సరైన చోటు దొరికింది. ముంబయిలో వాంఖడే స్టేడియం పక్క వీధికి ఆయన పేరుంది. మన క్రికెట్ బోర్డు 19 ఏళ్ల లోపు కుర్రాళ్లకు నడిపే పోటీ పేరు వినూ మన్కడ్ ట్రోఫీ. ఏటా ఆంధ్ర, హైదరాబాదు జట్ల పిల్లలు కూడా అందులో ఆడతారు. బడి ఈడు దాటీ దాటని ఆ పిల్లలు పోటీ పడుతున్నది, బడిలో ఒక పిల్లవాడికి వచ్చిన ముద్దుపేరు మీద అన్నమాట.

మద్రాసులో మాత్రం 413 పరుగులకు గుర్తుగా మన దగ్గర మిగిలినది జ్ఞాపకమే. మన సంఘం సభ్యుల్లో పెద్దవాళ్లు ఆ మైదానం పేరు ఎత్తినప్పుడు, పక్కనే మనవలు ఉంటే, మన్కడ్ అంటే ఎవరో ఒక్కసారి వివరంగా చెప్పండి. చెపాక్‌లో 12 వికెట్లు, కార్పొరేషన్ స్టేడియంలో 231 పరుగులు. ఆ రెండు అంకెలు చెబితే చాలు. ఈసారి టీవీలో ఎవరైనా ఆయన ఇంటిపేరును తిట్టులా వాడితే, ఆ పిల్లలే సరిదిద్దుతారు.